మీకు తెలుసా? ఫెజ్ పాతబస్తీలోకి కారు వెళ్లదు
మొరాకోలోని ఫెజ్ నగరంలో పాతబస్తీ సందులు కారు పట్టనంత ఇరుకు. సరుకును ఎక్కువగా గాడిదలు, కంచరగాడిదలే మోస్తాయి. వెనకనుంచి ‘బాలక్!’ అని కేక వినిపిస్తే వెంటనే గోడకు ఒదిగి దారివ్వండి. టాక్సీ కోట ద్వారం దాకానే కాబట్టి, మీ బస ఏ ద్వారానికి దగ్గరో బయల్దేరే ముందే కనుక్కోండి.

859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ కట్టించిందని చెప్పే ఖరవియ్యీన్ మసీదు ఇక్కడే ఉంది. అదే తర్వాత గొప్ప విద్యాపీఠంగా ఎదిగింది. ముస్లిమేతరులు గుమ్మం బయటినుంచే చూడాలి. పక్కనున్న 14వ శతాబ్దపు అత్తారీన్ మదరసాలోకి మాత్రం టికెట్ కొని ఎవరైనా వెళ్లొచ్చు. అక్కడి చెక్కడాలు ఎంతసేపు చూసినా తనివి తీరదు!

ఇదే పాతబస్తీలోని చువారా అనే చోట తోళ్ల శుద్ధి తొట్లలో ఇప్పటికీ పావురాల రెట్ట కలుపుతారు. అది తోలును మెత్తబరుస్తుంది. వాసన ఘాటు గనుక చూడవచ్చినవాళ్లకు పుదీనా రెమ్మలు చేతికిస్తారు. వెళ్లే రోజు చూసుకోండి: పాతబస్తీలో శుక్రవారం మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేస్తారు.