జీపు పాతదే, గుండె కొత్తది

మనిషికి గుండె యెలాంటిదో మోటారు బండికి ఇంజను అలాంటిది అంటారు. పోలిక బాగానే వుంది గాని, దాన్ని చివరిదాకా తీసుకుపోయేవారు తక్కువ. గుండె మార్చిన డాక్టరు కుట్లు వేయడంతో తన పని తీరిపోయిందనుకోడు. ఆ వొళ్ళు కొత్త గుండెను తనదిగా ఒప్పుకుంటుందా లేదా అని రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడు. పాత బండికి కొత్త ఇంజను పెట్టించేవారు మరచిపోయేది సరిగ్గా ఈ సంగతే.

అనంతపురం పీఠభూమి వారికి ఇది తెలియని పాఠం కాదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదనే బరువు దించుకుంటాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలసిపోతాయి. ఏడాది మొత్తానికి ఇక్కడ కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. ఇలాంటి సీమలో వస్తువును పారవేయడానికి చేతులు రావు. చినిగిన చీర బొంత అవుతుంది, పాత బండి మరో పదేళ్ళు నడుస్తుంది.

బావి సంగతే చూడండి. కపిల పోయి ఆయిలు ఇంజను వచ్చింది; ఆయిలు ఇంజను పోయి కరెంటు మోటారు వచ్చింది. బావి మాత్రం తాతల నాటిదే. ఎద్దులు రోజంతా తోడినా తరగని నీళ్ళను ఇంజను కొన్ని గంటల్లో తోడేసేసరికి, బావిని మళ్ళీ లోతు చేయక తప్పలేదు. ఒకటి మారిస్తే దాని పక్కది కూడా మార్చక తప్పదని రైతుకు బావి గట్టు మీదనే తెలిసివచ్చింది. జీపు విషయంలోనూ జరిగింది అదే.

విడిభాగాల బిడ్డ

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం పుట్టిన జీపును, 1940ల చివర మహీంద్రా వారు విడిభాగాలుగా ఓడల మీద తెప్పించి బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టారు. క్రమంగా ఆ భాగాలు ఇక్కడే తయారవుతూ వచ్చాయి. విప్పడానికీ బిగించడానికీ వీలుగా పుట్టిన బండి గనుకనే, చిన్న వూరి షెడ్డులో సైతం దాని బానెట్టు ఎత్తడానికి ఎవరూ జంకలేదు. మొదట సర్కారు దొరల బండి. తరువాత కాంట్రాక్టర్ల బండి. ఆ తరువాత పల్లె బాటల్లో మనుషులనూ మూటలనూ కలిపి మోసిన బండి.

దాని పెట్రోలు ఇంజను పేరు హరికేన్, అంటే తుపాను. 2.2 లీటర్లది, సుమారు 70 అశ్వశక్తిది. పేరుకు తగ్గట్టే పరుగు తీసేది. పేరుకు తగ్గట్టే పెట్రోలు కూడా తాగేది. 1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధం వచ్చి, కొద్ది నెలల్లోనే ముడి చమురు ధర నాలుగింతలయింది. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు నడిచేది డీజిలుతో గనుక ప్రభుత్వం డీజిలును చవకగానే వుంచింది. దానితో జీపు గల ఇంటి యజమాని చూపు పెట్రోలు నుంచి డీజిలు మీదకు మళ్ళింది.

కంపెనీ వారి చూపూ అటే మళ్ళింది. 1963లో పెట్టిన ట్రాక్టర్ల కంపెనీలో బీ-275 అనే ట్రాక్టరు తయారయ్యేది. అది సుమారు 35 అశ్వశక్తిది. ఆ డీజిలు ఇంజను వంశానిదే జీపులోకి కూడా దిగింది. 1980లలో ఫ్రాన్సు పెజో కంపెనీ లైసెన్సుతో చేసిన 2112 సీసీల డీజిలు ఇంజను వచ్చింది. ఇవి దొరకడమే తడవుగా, పెట్రోలు జీపుల ఇంజను బోరుకు వచ్చినప్పుడల్లా, దాన్ని బాగుచేయించడమా, దించేసి డీజిలు ఎక్కించడమా అనే చర్చ ఇళ్ళల్లో మొదలయింది.

ఎక్కించడం వేరు, ఒప్పించడం వేరు

"ఏమప్పా, డీజిలు ఇంజను దీనికి పట్టదా?" అని యజమాని అడుగుతాడు. "పట్టేదేమో పడుతుంది సామీ, నిలబెట్టేదే కష్టం" అంటాడు అనుభవం వున్న మెకానిక్కు. ఆ మాటలో ఎంత అర్థం వుందో చూద్దాం.

పాత పెట్రోలు ఇంజను తాను పీల్చిన గాలిని ఏడో వంతుకు నొక్కితే, డీజిలు ఇంజను ఇంచుమించు ఇరవయ్యో వంతుకు నొక్కుతుంది. ఆ నొక్కుడుకు పుట్టిన వేడికే డీజిలు అంటుకుంటుంది. అంత ఒత్తిడికి తట్టుకోవాలంటే ఇనుము దళసరిగా వుండాలి. కాబట్టి ఇంజను బరువెక్కుతుంది, ముందు కమాను కట్టలు కుంగుతాయి, స్టీరింగు బరువవుతుంది. డీజిలు అదురుడు ఎక్కువ గనుక ఇంజను కూర్చునే రబ్బరు దిమ్మలు మార్చాలి. గేరుబాక్సుకూ ఇంజనుకూ రంధ్రాలు కలవవు గనుక మధ్యలో లేతు మీద తిప్పిన పలక వేయాలి. అది వెంట్రుకవాసి పక్కకు జరిగినా క్లచ్చి అరిగిపోతుంది. 6 ఓల్టుల పాత బ్యాటరీ డీజిలు ఇంజనును తిప్పలేదు గనుక 12 ఓల్టులది కావాలి.

ఇక వేగం లెక్క. పాత జీపు టాపు గేరులో వున్నప్పుడు ఇంజను 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. చక్రం ఒక్క చుట్టుకు నడిచే దూరం సుమారు రెండుంబావు మీటర్లు. ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరిగితే బండి గంటకు 100 కిలోమీటర్లు పోతుంది. 2400 చుట్లకు కట్టడి చేసిన డీజిలు ఇంజను పెట్టి ఇరుసు పళ్ళు మార్చకపోతే అదే బండి 60 దగ్గరే ఆగిపోతుంది. ఎంత తొక్కినా అంతే. మూట మోయడానికి అది చాలు. హైవే మీద లారీని దాటడానికి చాలదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది నీరు. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున వుంటే, హిందూపురం 600 దాటి వుంది. అంటే దక్షిణానికి పోయే బండికి దారి పొడుగునా ఎత్తే. ఏప్రిల్, మే ఎండల్లో ఆ ఎత్తు ఎక్కేటప్పుడు రేడియేటరు చిన్నదయితే నీరు మరుగుతుంది. మనుషులకే బిందె నీళ్ళు దొరకని చోట బండికెక్కడ దొరుకుతాయి? ఇంజను మార్చి రేడియేటరు మార్చనివారు, బావి లోతు తవ్వకుండా మోటారు పెట్టినవారి వంటివారు.

ఇంగ్లండులో ఇదొక వినోదం

మనకు అవసరంగా వచ్చిన పని ఇంగ్లండులో వినోదంగా పెరిగింది. అక్కడ కారును విడిభాగాలుగా కొని ఇంట్లోనే కూర్చుకునేవారు, దానికి అమ్మకపు పన్ను కలిసివచ్చేది గనుక. అందులో పేరుపొందినది 1957లో వచ్చిన లోటస్ సెవెన్. దాని మొదటి ఇంజను 1172 సీసీలది, 40 అశ్వశక్తిది. 1973 నుంచి ఆ కారును కేటరహామ్ అనే కంపెనీ చేస్తూ వచ్చింది. 2013లో వారు దానికే 660 సీసీల సుజుకి ఇంజను పెడితే 80 అశ్వశక్తి వచ్చింది. ఇంజను సైజు సగానికి తగ్గి శక్తి రెట్టింపయిందన్నమాట! కొత్త ఇంజను మీద మోజు ఊరికే పుట్టలేదు.

అక్కడి ప్రభుత్వం చాలా ఏళ్ళపాటు ఒక తమాషా లెక్క పాటించింది. తిరగకట్టిన కారుకు పాత నంబరు నిలవాలంటే 8 మార్కులు రావాలి. ఛాసిస్ అసలుదే అయితే 5 మార్కులు. ఇంజను అసలుదే అయితే ఎన్ననుకున్నారు? ఒక్కటే! గుండెకాయ అని మనం నెత్తిన పెట్టుకున్న వస్తువు విలువ వారి దృష్టిలో అంతే.

మన చట్టం మాట

మన చట్టం అంత ఉదారంగా లేదు. బండి రిజిస్ట్రేషను పత్రంలో ఛాసిస్ నంబరు పక్కనే ఇంజను నంబరూ వుంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారు చేసిన కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా యజమాని బండిని మార్చరాదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. అయితే గ్యాసుకో బ్యాటరీకో మార్చడానికి ఆమోదం పొందిన కిట్టు అమర్చుకొనేందుకు చట్టమే దారి విడిచింది. ఇంజను మారితే 14 రోజుల్లో రిజిస్ట్రేషను అధికారులకు తెలియజేయాలని కూడా చెప్పింది.

"పాత జీపే గదా, ఎవరు చూస్తారు?" అనుకోవచ్చు. సొంత బండికి పదిహేనేళ్ళు నిండాక రిజిస్ట్రేషను కొత్త చేయించడానికి పోతే అధికారి చూస్తాడు. ప్రమాదం జరిగిన నాడు బీమా కంపెనీ వారు చూస్తారు. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి కాగితంలో ఒకటీ, బానెట్టు కింద మరొకటీ వుంటే, ఆదా చేసిన డబ్బంతా ఒక్క దావాలో కొట్టుకుపోతుంది.

పైగా నాటి లెక్క నేడు నిలవలేదు. 2014 అక్టోబరులో డీజిలు ధర మీద ప్రభుత్వ కట్టడి తొలగింది. 2020 జూనులో ఢిల్లీలో డీజిలు ధర పెట్రోలును కూడా మించిపోయింది. అదే ఏడాది ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. ఈ కాలపు ఇంజను ఇనుప ముద్ద ఒక్కటే కాదు. దానివెంట చిన్న కంప్యూటరు, పదుల కొద్దీ తీగలు, పొగను శుభ్రం చేసే పేటిక వస్తాయి. ఇంజనును దించి తెచ్చి వాటిని అక్కడే వదిలేస్తే అది పలకదు. 2019 నుంచి ఇదే పీఠభూమిలో, పెనుకొండ దగ్గర, కియా వారి కార్లు తయారవుతున్నాయి. వాటి బానెట్టు ఎత్తి చూస్తే, స్పానరు ఒక్కటే పట్టుకొని వచ్చిన మెకానిక్కుకు ఇక ఏమి పని మిగిలిందా అనిపిస్తుంది.

అందుకని పాత జీపును తూకానికి అమ్మేయమని నేననను. ఇంజను బోరుకు వస్తే ముందు దాన్నే బోరు చేయించి నిలబెట్టగలమా అని చూడాలి. తప్పదనుకుంటే మొదట రవాణా ఆఫీసులో అడిగి, అనుమతి కాగితం చేతికి వచ్చాక, రేడియేటరు, బ్రేకులు, క్లచ్చి, కమాను కట్టలు అన్నిటికీ కలిపి ఖర్చు వేసుకోవాలి. ఇంజను ధర ఒక్కటే చూసి బయానా ఇస్తే బేరం కుదిరినట్లు కనిపిస్తుందే గాని, షెడ్డు నుంచి బండి ఇంటికి రాదు. "గంతకు తగ్గ బొంత" అన్నారు పెద్దలు. గంత మార్చేవారు బొంత కొలత కూడా తీసుకొని పోవడం మంచిది.