100 ఎంబీపీఎస్ అంటే 100 ఎంబీ కాదా?

ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ కనెక్షన్. సినిమా డౌన్‌లోడ్ పెడితే మాత్రం వేగం సెకనుకి 12 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. కంపెనీవాళ్లు మోసం చేస్తున్నారా? లేదు, కొలతలే వేరు.

టెలికాం వాళ్లు లెక్కపెట్టేది బిట్లను, అంటే ఒక్కో 0ని, ఒక్కో 1ని. కంప్యూటర్ ఫైళ్లను కొలిచేది బైట్లలో. బైటుకి 8 బిట్లు. 100ని 8తో భాగించండి, 12.5 వస్తుంది. ఇంగ్లిష్‌లో రాసినప్పుడు చిన్న 'బి' ఉంటే బిట్, పెద్ద 'బి' ఉంటే బైట్. ప్రకటనలో ఏది ఉందో ఈసారి చూడండి!

ఈ రెండు లెక్కలు ఎందుకు? పాత టెలీప్రింటర్లలో అక్షరానికి 5 బిట్లే. తర్వాత 7, 8 వచ్చాయి. అక్షరం సైజు ఎంతైనా తీగ మీద పోయేవి బిట్లే కదా, టెలికాం దాన్నే పట్టుకుంది. కంప్యూటర్లలో 8 బిట్ల బైటు స్థిరపడింది 1964లో ఐబీఎం సిస్టం/360 ప్రకటించాకే.

ఇంకో మెలిక ఉంది. టెలికాంలో కిలో అంటే 1000. విండోస్ మాత్రం 1024 అంటుంది. దాంతో 12.5 కాస్తా తెరమీద 11.9 అయి కూర్చుంటుంది. డేటా ప్యాకెట్ల మీద రాసే చిరునామాలకూ కొన్ని బిట్లు పోతాయి. కాబట్టి 11 పైచిలుకు కనిపిస్తే కనెక్షన్ బాగానే ఉన్నట్టు.