మిర్చి రేట్ల పోస్టు పెడుతున్నారా? షేర్ కొట్టే ముందు ఇవి చూసుకోండి

పొద్దున్నే ఫోన్ తీస్తే చాలు.. మిర్చి రేట్లు వరుసగా వచ్చి పడుతుంటాయి. ఒక గ్రూపులో తేజ రేటు, ఇంకో గ్రూపులో యార్డు వీడియో, మరోచోట పత్తి కొనుగోళ్ల పేపర్ కటింగ్. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటివన్నీ ఏరి బ్లాగులు, ఫేస్‌బుక్ పేజీలు, యూట్యూబ్ ఛానళ్లలో పెట్టేవాళ్లు ఉన్నారు. అయితే ఏరి పెట్టడం వేరు, రైతుకు పనికొచ్చేలా చెప్పడం వేరు. ఆ పోస్టు చూసే ఒక రైతు టిక్కీలు యార్డుకు వేయాలా, కోల్డ్ స్టోరేజీలో దాచాలా అన్నది తేల్చుకోవచ్చు. అంకె తప్పితే నష్టపోయేది ఆయనే.

రూ.11,781.. అసలు సంగతి ఏంటంటే

2025 ఫిబ్రవరిలో మిర్చి ధరలు పడిపోయి రైతులు ఆందోళనలో ఉన్నప్పుడు, కేంద్రం క్వింటాకు రూ.11,781 ధర ఖరారు చేసింది. దీన్ని ‘మిర్చికి కేంద్రం రూ.11,781 ఇస్తోంది’ అని ఒక్క లైనులో పెడితే? ఆ ధరకు ప్రభుత్వమే సరుకు కొంటుందని రైతు అనుకుంటాడు.

నిజానికి అది మద్దతు ధర కాదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో మిర్చి లేదు. ఇది మార్కెట్ జోక్యం పథకం కింద తేల్చిన ధర. రైతు అమ్మిన రేటు అంతకంటే తక్కువుంటే, ఆ తేడాను చెల్లించే ఏర్పాటు. అదీ 2024-25 పంటకే, 2.91 లక్షల టన్నుల వరకే. అంకె అదే అయినా ఈ నాలుగు ముక్కలు కలిపితేనే రైతుకు అర్థమవుతుంది. మంచి పోస్టు చేయాల్సిన పని ఇదే.

రేటు పక్కన ఏముండాలి?

‘గుంటూరులో మిర్చి ఇంత’ అంటే సరిపోదు. తేజ రేటు వేరు, 334 రేటు వేరు, 341 రేటు వేరు, బ్యాడిగి రేటు వేరు. అదే రకంలోనూ డీలక్స్ కాయకు ఒక ధర, మీడియంకు ఒక ధర. తాలు కాయలైతే చెప్పక్కర్లేదు. కేంద్రం నడిపే అగ్‌మార్క్‌నెట్ సైట్‌లో కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ అని మూడు ధరలు కనిపిస్తాయి. మోడల్ అంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. గరిష్ఠ ధర ఒక్కటే హెడ్డింగ్‌లో పెడితే వ్యూస్ రావచ్చు. కానీ మామూలు సరుకున్న రైతుకు ఆ రేటు అందదు.

అందుకే తేదీ, రకం, గ్రేడు, ఎక్కడి ధర అన్న నాలుగూ రేటు పక్కనే రాయాలి. పాత స్క్రీన్‌షాట్ మళ్లీ తిరుగుతున్నప్పుడు పట్టించేది ఆ తేదీయే.

పత్తి పోస్టులో తేమ మర్చిపోవద్దు

2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు రూ.8,110, మధ్యరకానికి రూ.7,710. కానీ 8 శాతం తేమ దాటితే సీసీఐ ధర తగ్గిస్తుంది. 12 శాతం దాటితే కొనదు. ఈ మాట లేని పోస్టు నమ్మి తడి పత్తి ట్రాక్టర్‌కు ఎత్తితే, బాడుగ దండగ.

మందుల పోస్టులకూ ఇదే జాగ్రత్త. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను దెబ్బతీసింది. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఎవరో చెప్పిన మందు పేరు, మోతాదు యథాతథంగా షేర్ చేయకుండా గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానం సిఫారసుతో సరిచూసుకోవాలి.

కాపీ పేస్ట్ చేస్తే ఏమవుతుంది?

ధర ఎంత, వాన ఎప్పుడు అన్న సమాచారం ఎవరి సొంతమూ కాదు. కానీ ఒకరు రాసిన వాక్యాలు, తీసిన ఫొటో, వీడియోలకు 1957 కాపీరైట్ చట్టం రక్షణ ఉంటుంది. కిందపేరు వేసినంత మాత్రాన అనుమతి తీసుకున్నట్టు కాదు. ఇతరుల వీడియోలకు సొంత వివరణ జోడించకుండా ఎక్కిస్తే యూట్యూబ్ ఆదాయం ఆపేయొచ్చు. వేరే సైట్ల నుంచి ఎత్తుకొచ్చి నింపిన పేజీలను గూగుల్ కూడా వెనక్కి నెడుతుంది.

పోస్టు ఇలా కట్టుకోవాలి

• ఒక పోస్టుకు ఒకే ప్రశ్న. ‘ఈ వారం తేజ అమ్మాలా, ఆగాలా?’ లాంటిది. ఆ ప్రశ్నకు పనికిరాని ఫార్వార్డులు ఎంత బాగున్నా పక్కన పెట్టాలి.

• మొదటి రెండు లైన్లలోనే తేలిన విషయం చెప్పాలి. ఫోన్‌లో చూసేవాళ్లు కిందిదాకా వెళ్తారన్న గ్యారంటీ లేదు.

• సేకరించిన సమాచారాన్ని సొంత మాటల్లో రాసి, ఎక్కడ దొరికిందో లింక్ ఇవ్వాలి.

• ఊరి సంగతి ఒకటి కలపాలి. యార్డుకు వెళ్లొచ్చిన రైతుకు పట్టీలో ఎంత పడింది, కమీషన్, హమాలీ పోను చేతికి ఎంత వచ్చిందన్నది ఆయన ఒప్పుకుంటే రాయాలి. వేరే సైట్లలో దొరకనిది ఇదే.

• రేటు మారితే, తప్పు దొర్లితే పాత పోస్టు పైనే సవరణ వేయాలి. గుట్టుగా తీసేస్తే, అప్పటికే షేర్ అయిన కాపీలు తప్పుడు అంకెతోనే ఊళ్లు తిరుగుతుంటాయి.