భూగర్భంలో సిరి, బడి గదిలో లేమి

పేద పల్లెల బడులు ఒక రాష్ట్ర ప్రభుత్వంపై దావా వేసి గెలిచాయి. ఆ గెలుపును నిలుపుకోవడం అంతకంటె కష్టమని తరువాతి దశాబ్దాలు నిరూపించాయి.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కెంటకీ రాష్ట్రపు తూర్పు భాగమంతా అపలాచియన్ కొండసీమ. ఆ కొండల అంచున వుల్ఫ్ కౌంటీ అనే చిన్న ప్రాంతం ఉన్నది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నివసించేవారు 6,562 మంది. మన దేశంలో ఒక మోస్తరు పెద్ద గ్రామంలో అంతమంది ఉంటారు. పెద్ద పట్టణం లేదు, చెప్పుకోదగిన పరిశ్రమ లేదు. చిన్న కమతాలు, అడవి కలప, కొద్దిపాటి ఉద్యోగాలు అక్కడి ప్రజలకు జీవనాధారం. అయినప్పటికీ 1985లో సాక్షాత్తు రాష్ట్ర గవర్నరునూ, శాసనసభాధిపతులనూ న్యాయస్థానంలో నిలబెట్టిన 66 పేద విద్యా జిల్లాల పక్షాన పేరు పెట్టి ముందుకు వచ్చిన కొద్ది జిల్లాలలో వుల్ఫ్ కౌంటీ ఒకటి. వారి ఫిర్యాదు ఒక్కటే: బిడ్డ ఏ కొండలోయలో పుట్టాడన్న దానిని బట్టి వాడి చదువు విలువ నిర్ణయం కారాదు.

పన్ను పుట్టే చోటు

తెలుగునాట జిల్లా పరిషత్తు పాఠశాలలో పనిచేసే ఉపాధ్యాయుని జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. ఆ ఊరి భూముల విలువ పెరిగినా తరిగినా ఆ జీతంలో మార్పు ఉండదు. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ విద్యా జిల్లా అనేది ప్రత్యేకమైన స్థానిక ప్రభుత్వం. ప్రజలు ఎన్నుకున్న విద్యామండలి దానిని పాలిస్తుంది. ఆ మండలి ఒక సూపరింటెండెంటును నియమిస్తుంది. ఇళ్ల మీద, భూముల మీద పన్ను వేస్తుంది. రాష్ట్రం ఇచ్చే సొమ్ముకు ఈ స్థానిక పన్నును జోడించి బడులు నడుపుతుంది.

చూడడానికి ఇది స్వయంపాలనకు చక్కని నమూనా. చిక్కు లెక్కలో ఉన్నది. ఒక జిల్లాలో ఒక్కొక్క విద్యార్థి వంతుకు లక్ష డాలర్ల విలువైన ఆస్తి ఉన్నదనీ, మరొక జిల్లాలో నాలుగు లక్షల విలువైనది ఉన్నదనీ అనుకుందాం. రెండూ నూరు డాలర్లకు 30 సెంట్ల చొప్పున ఒకే రేటున పన్ను వేశాయి. మొదటి జిల్లాకు తలకు 300 డాలర్లు వస్తే, రెండవదానికి 1,200 డాలర్లు వస్తాయి. ప్రజలు చేసిన త్యాగం సమానమే. పిల్లలకు దక్కిన ఫలం మాత్రం నాలుగింతల తేడా. కెంటకీలో నూటికి ఎనభై జిల్లాలు ఆస్తి పన్ను దృష్ట్యా బీదవేనని తరువాత న్యాయస్థానమే గుర్తించింది.

తూర్పు కొండలలో ఈ వైపరీత్యం మరింత విచిత్రంగా ఉండేది. హార్లన్ వంటి కౌంటీల నేల అడుగున అపారమైన బొగ్గు ఉన్నది. కాని 1978లో శాసనసభ, తవ్వని బొగ్గు మీద పన్నును నూరు డాలర్ల విలువకు ఒక సెంటులో పదవ వంతుగా స్థిరపరచింది. నామమాత్రమైన ఆ పన్ను కూడా రాష్ట్రానిదే. స్థానిక సంస్థలకు దాని మీద హక్కు లేదు. బొగ్గు రైళ్లు బడి పక్కనుంచే సాగిపోయేవి. ఆ సంపదలో బడి వంతు మాత్రం శూన్యం. 1988లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లదని తీర్పు చెప్పేవరకు ఈ స్థితి కొనసాగింది.

ఇంతలో మరొక దెబ్బ తగిలింది. 1978 చివర గవర్నరు రాష్ట్రంలో లేని సమయంలో, తాత్కాలికంగా ఆ బాధ్యత వహించిన లెఫ్టినెంటు గవర్నరు థెల్మా స్టోవాల్ పన్నుల తగ్గింపు కోసం శాసనసభ ప్రత్యేక సమావేశం పిలిచారు. ఆ సమావేశం 1979లో చేసిన చట్టం వల్ల స్థానిక ఆస్తి పన్ను ఆదాయం ఏటా నాలుగు శాతానికి మించి పెరగాలంటే ప్రజల ఆమోదానికి గురికావలసి వచ్చింది. పన్ను చెల్లించేవారికి అది ఊరట కావచ్చు. బీద జిల్లాకు మాత్రం ఉన్న ఒక్క ద్వారం సగం మూసుకుపోయింది.

ఫలితం జనాభా లెక్కలలో కనిపించింది. 1980 లెక్కల ప్రకారం, పెద్దవారిలో ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసినవారి శాతంలో కెంటకీ యాభై రాష్ట్రాలలో చిట్టచివరిది.

గవర్నరుగిరి చేసిన న్యాయవాది

దావా నడపడానికి పేద జిల్లాలు ఒక సంఘంగా ఏర్పడ్డాయి. వారి పక్షాన వాదించడానికి అంగీకరించినవారు బెర్ట్ కూంబ్స్. ఆయన 1959 నుంచి 1963 వరకు అదే రాష్ట్రానికి గవర్నరుగా పనిచేసినవారు. తూర్పు కొండలలోనే పుట్టి పెరిగినవారు. ఆయన పాలనలోనే కెంటకీలో మూడు శాతం అమ్మకం పన్ను అమలులోకి వచ్చింది. బడుల పేదరికం ఆయనకు కాగితాల మీద తెలిసిన విషయం కాదు. ఈ వ్యాజ్యం ఆయన ప్రతిఫలం లేకుండా చేపట్టారు.

వాదానికి ఆధారం 1891 నాటి రాష్ట్ర రాజ్యాంగంలోని 183వ విభాగం. రాష్ట్రమంతటా సమర్థమైన ప్రజా పాఠశాలల వ్యవస్థను ఏర్పరచే బాధ్యత శాసనసభదేనని ఆ విభాగం చెబుతున్నది. జిల్లాలు చేతగానివయితే ఆ తప్పు శాసనసభదే అవుతుందని వాదుల తర్కం. 1988లో ఫ్రాంక్లిన్ సర్క్యూట్ కోర్టు న్యాయమూర్తి రే కార్న్స్ వాదుల పక్షాన తీర్పు చెప్పారు. అప్పీలులో 1989 జూన్ 8న రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్ స్టీఫెన్స్ రాసిన తీర్పు ఇంకా ముందుకు పోయింది. నిధుల పంపకం ఒక్కటే కాదు, రాష్ట్రంలోని మొత్తం పాఠశాలా వ్యవస్థే రాజ్యాంగ విరుద్ధమని ఆ తీర్పు ప్రకటించింది. ప్రతి బిడ్డకూ మాటా రాతా, పౌర పరిజ్ఞానం, ఆరోగ్య స్పృహ, కళాభిరుచి, పై చదువుకూ వృత్తికీ కావలసిన శిక్షణ వంటి ఏడు సామర్థ్యాలు అందాలని నిర్దేశించింది.

డబ్బు ఒక చేత, పగ్గం ఒక చేత

1990 ఏప్రిల్‌లో గవర్నరు వాలెస్ విల్కిన్సన్ కొత్త విద్యా సంస్కరణ చట్టం మీద సంతకం చేశారు. అమ్మకం పన్ను ఐదు నుంచి ఆరు శాతానికి పెరిగింది. నిధుల పంపకానికి కొత్త సూత్రం వచ్చింది. ప్రతి జిల్లా నూరు డాలర్ల ఆస్తికి కనీసం 30 సెంట్లు తనంతట వసూలు చేయాలి. విద్యార్థి తలకు ఇంతని రాష్ట్రం ఒక మూల మొత్తం నిర్ణయిస్తుంది. స్థానిక వసూలు పోగా తక్కువ పడినది రాష్ట్రమే పూడుస్తుంది. పైన చెప్పిన ఉదాహరణలో మూల మొత్తం 4,000 డాలర్లయితే, పేద జిల్లాకు రాష్ట్రం 3,700, సంపన్న జిల్లాకు 2,800 ఇస్తుందన్న మాట.

చట్టం అంతటితో ఆగలేదు. చాలా పల్లె కౌంటీలలో ఉద్యోగాలిచ్చే అతి పెద్ద యజమాని విద్యా జిల్లాయే. బస్సు డ్రైవరు నుంచి ప్రధానోపాధ్యాయుని వరకు ప్రతి కొలువూ మండలి సభ్యుల దయాదాక్షిణ్యమైపోతే, ఎంత డబ్బు పోసినా అడుగులేని కుండలో పోసినట్లే. కనుక బంధుప్రీతికి కళ్లెం వేశారు. సమీప బంధువులు ఆ జిల్లాలో ఉద్యోగం చేస్తుంటే మండలి సభ్యత్వానికి అనర్హులు. ప్రతి బడికి ముగ్గురు ఉపాధ్యాయులు, ఇద్దరు తల్లిదండ్రులు, ప్రధానోపాధ్యాయుడు గల సమితిని ఏర్పరచి, బోధన సంబంధమైన నిర్ణయాలు ఆ సమితికి అప్పగించారు. రాష్ట్ర విద్యాశాఖలోని పదవులన్నీ 1991 జూన్‌తో రద్దయి, శాఖ కొత్తగా నిర్మితమయింది. పేద కుటుంబాల నాలుగేళ్ల పిల్లలకు ముందు బడులు, ఇంటి కష్టాలలో తోడ్పడే కుటుంబ సహాయ కేంద్రాలు వెలిశాయి. నడపలేని జిల్లాను రాష్ట్రం తన చేతిలోకి తీసుకునే అధికారమూ ఉన్నది. 2012లో బ్రెతిట్ కౌంటీ విషయంలో ఆ అధికారాన్ని వినియోగించారు.

ప్రయత్నం వృథా కాలేదు. నాలుగవ తరగతి పఠన సామర్థ్యానికి జరిగే జాతీయ పరీక్షలో 1992లో కెంటకీ సగటు 213; దేశ సగటు 215. 2009 నాటికి కెంటకీ 226కు చేరగా దేశం 220 వద్ద ఉన్నది. ఒకప్పుడు అట్టడుగున ఉన్న రాష్ట్రం దేశాన్ని మించిపోయిందన్న మాట.

తక్కెడ మళ్లీ ఒరిగింది

అయితే సూత్రం ఎంత న్యాయమైనదైనా, దానిలో పోసే మొత్తం చాలకపోతే ఫలితముండదు. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత దాదాపు పుష్కర కాలం పాటు తలకు ఇచ్చే మూల మొత్తం 3,800, 4,000 డాలర్ల మధ్యనే తచ్చాడింది. ధరలు మాత్రం ఆగలేదు. కొండదారులలో మైళ్ల కొద్దీ తిరిగే బడి బస్సుల ఖర్చును సైతం 2005 తరువాత చాలా ఏళ్లు రాష్ట్రం పూర్తిగా భరించలేదు. లోటు పూడ్చడానికి సంపన్న జిల్లాలు స్థానిక పన్ను పెంచుకోగలిగాయి. పేద జిల్లాలకు పెంచినా వచ్చేది స్వల్పమే. అదే కాలంలో తూర్పు కెంటకీ బొగ్గు ఉత్పత్తి నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. పని లేక యువకులు వలసపోయారు. బడిలో తలలు తగ్గాయి. తలకు ఇచ్చే సొమ్మూ ఆ మేరకు తగ్గింది. కాని గది వెచ్చబెట్టే ఖర్చు, బస్సు నడిపే ఖర్చు తలలతో పాటు తగ్గవు. ధనిక, పేద జిల్లాల మధ్య అంతరం 1990 నాటి స్థాయిని దాటిందని కెంటకీ ఆర్థిక విధాన కేంద్రం 2023లో లెక్క తేల్చింది.

జిల్లాలు 2003లో మరొకసారి కోర్టుకెక్కాయి. ఎంత సొమ్ము కేటాయించాలన్నది శాసనసభ నిర్ణయమని 2007లో ఆ దావాను కొట్టివేశారు. పగ్గాలూ చేతులు మారాయి: 2022లో వచ్చిన చట్టం పాఠ్యప్రణాళిక ఎంపికను బడి సమితుల నుంచి సూపరింటెండెంట్లకు బదిలీ చేసింది.

బెర్ట్ కూంబ్స్ ఇవేవీ చూడలేదు. 1991 డిసెంబరులో రెడ్ నది వరదలో చిక్కుకుని ఆయన మరణించారు. అయితే ఆయన ఎవరి కోసం వాదించారో ఆ ప్రజలు 2024 నవంబరులో తమ అభిప్రాయం స్పష్టంగా చెప్పారు. ప్రజాధనాన్ని ప్రభుత్వేతర పాఠశాలలకు మళ్లించడానికి వీలు కల్పించే రాజ్యాంగ సవరణ ఓటుకు వచ్చినప్పుడు, రాష్ట్రంలోని 120 కౌంటీలూ, ఒక్కటి తప్పకుండా, దానిని తిరస్కరించాయి. రాజకీయంగా ఎంతో భేదమున్న నగరమూ కొండపల్లె ఆ ఒక్క రోజున ఒకే మాట మీద నిలిచాయి. పల్లెలో బడి మూతపడితే చదువుతో పాటు కొలువులూ, ఊరి కూడలీ పోతాయని వారికి అనుభవం మీద తెలుసు.

న్యాయస్థానం తక్కెడను ఒకసారి సరిచేయగలదు. దానిని సమంగా పట్టుకునే చేయి మాత్రం ప్రజలదీ, వారు ఎన్నుకున్న ప్రతినిధులదీ. రెండేళ్లకొకసారి ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో శాసనసభ బడ్జెట్టు పత్రాలు తెరిచినప్పుడల్లా, వుల్ఫ్ కౌంటీ పిల్లల వ్యాజ్యం మళ్లీ మొదటినుంచి విచారణకు వస్తూనే ఉంటుంది.