సున్నము తెరచిన దారి

గుంటూరునుండి హైదరాబాదుకు పోవు రహదారిపై సత్తెనపల్లి దాటి, ప్రత్తిచేలును మిరపచేలును చూచుచు ప్రయాణించువానికి, పిడుగురాళ్ల సమీపించుకొలదిని చెట్ల ఆకులమీదను, ఇండ్ల కప్పులమీదను, ఎదురువచ్చు లారీలమీదను ఒకే తెల్లని పొడి పరచుకొనియుండుట కన్పట్టును. ఇచటివారు ముగ్గురాయి యని పిలుచు సున్నపురాతిని బొగ్గుతోకూడ బట్టీలలో పొరలు పొరలుగా పేర్చి, దాదాపు 900 డిగ్రీల వేడిమికి కాల్చినయెడల, రాతిలోని బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోయి, 100 కిలోల శుద్ధమైన రాతికి 56 కిలోల సున్నము మిగులును. దానిపై నీరు చల్లగానే బుసబుస పొంగి, చేయి పెట్టరాని వేడి పుట్టి, ఆ గట్టిరాయి తనంత తానే మెత్తని పిండి యగును. సున్నము గోడలకు పోవును, చక్కెర మిల్లులకు పోవును, కాగితపు మిల్లులకు పోవును. దానికి మఱియొక వినియోగము కలదు. అది లారీల తూకమునకు అందునది కాదు, చూపుడువ్రేలి కొనకు అంటునంతటిది. తమలపాకుమీద పూయునదియు, అరచేతిలో పొగాకుపొడితో కలిపి బొటనవ్రేలితో నలుపునదియు నగు ఆ రవంత సున్నమే లేకున్నచో, నోటిలో నమలు వక్కకుగాని పొగాకుకుగాని మనుష్యునిమీద ఇంతటి ఆధిపత్యము లభించియుండెడిది కాదని నా దృఢమైన అభిప్రాయము. ఉత్తేజమిచ్చు మొక్కలను గూర్చి మాటలాడువారు సాధారణముగా ఆకు గుణమును మాత్రమే చెప్పుదురు. ఆ గుణము మెదడునకు ఎంత వేగముగా చేరుచున్నదో, ఏ దారిని చేరుచున్నదో చెప్పినగాని విషయము పూర్తి కాదు.

మొక్కలు ఈ పదార్థములను మనకొఱకు తయారుచేయలేదు. కదలి పారిపోలేని ప్రాణి తన్ను తినవచ్చు పురుగును చేదుతోను విషముతోను ఎదుర్కొనుట ప్రకృతిధర్మము. పొగాకుమొక్క తన వేళ్లలో నికోటిన్ అను క్షారపదార్థమును తయారుచేసి ఆకులకు పంపును. కాండపు తల త్రుంచినయెడల, గాయపడిన మొక్క ఆ విషమును మఱింత అధికముగా చేయును. పూత వచ్చినప్పుడు తలలు త్రుంచు రైతునకు ఆకు దళసరియై ఘాటు పెరుగునని తెలియును. పూర్వము మన రైతులు పొగాకు కాడలను నీటిలో మరిగించి, సబ్బునీరు కలిపి, ఆ కషాయమును పైరులమీది పేనుబంకకు చల్లెడివారు. నేడు ఇదే మైదానములో ప్రత్తికి పట్టిన పచ్చదోమకును మిరపకు పట్టిన రసము పీల్చు పురుగులకును చల్లు ఇమిడాక్లోప్రిడ్ కూడ, కీటకముల నాడీమండలములో నికోటిన్ పట్టుకొను చోటునే పట్టుకొని వాటిని చంపును. ఒక చివర పొగాకుచేను, మఱియొక చివర ప్రత్తిచేను గల ఈ జిల్లాలలో, ఒకే నాడీద్వారముమీద మనిషికి ఉత్తేజమును పురుగునకు మరణమును నడచుచుండుట నాకు ఎన్నటికిని ఆశ్చర్యకరముగనే యుండును.

1828లో జర్మనీలోని హైడెల్‌బర్గునందు పోసెల్ట్, రైమన్ అనువారు నికోటిన్‌ను పొగాకునుండి వేరుచేసిరి. దాని స్వభావమును తెలిసికొనుటకు కొంచెము రసాయనశాస్త్రము అవసరము. నికోటిన్ ఆమ్లముతో కలిసియున్నప్పుడు విద్యుదావేశము గల లవణరూపములో నుండును. ఆ రూపములో అది నోటిలోపలి పొరను దాటజాలదు, ఏలయన జీవకణముల పొరలు కొవ్వుతో నిర్మితమై, నూనె పూసిన కాగితము నీటిని నిలిపివేయునట్లు ఆవేశము గల అణువులను నిలిపివేయును. క్షారము కలిసినప్పుడు లవణబంధము విడిపోయి, ఆవేశరహితమైన నికోటిన్ స్వేచ్ఛ పొంది, కొవ్వుపొరలో సులభముగా కరగి రక్తములోనికి జారిపోవును. ఆమ్లక్షారములను కొలుచు పి.హెచ్. మానము 6 వద్ద నికోటిన్‌లో నూటికి ఒక వంతు మాత్రమే స్వేచ్ఛగా నుండగా, 8 వద్ద సగమును, 9 వద్ద 90 పాళ్లును స్వేచ్ఛ పొందును. మన లాలాజలము ఇంచుమించు 7 చెంత నుండును. దానిని పైకెత్తునది ఆ వ్రేలికొన సున్నము. ప్రయోగశాలలు లేని కాలమునందే దక్షిణామెరికాలోని ఆండీస్ పర్వతవాసులు కోకా ఆకును బూడిదతోనో సున్నముతోనో నమలిరి, మనవారు వక్కాకును సున్నముతో నమలిరి. సముద్రములకు ఈవల ఒకరు ఆవల ఒకరు, పరస్పర పరిచయము లేకయే ఒక్క ఉపాయమును కనుగొనిరి. ఈ నిశితపరిశీలనను నేను మనసారా గౌరవింతును. కాని దానివలన నోటికి కలిగిన హానిని దాచుట గౌరవము కానేరదు.

తాంబూలము మన సంస్కృతిలో పొగాకుకంటె ఎంతో ప్రాచీనమైనది. 1443లో విజయనగరమునకు వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్, రాజు తనకు కర్పూరతాంబూలము లిచ్చిన వైనమును, సున్నము పూసిన ఆకును వక్కతో నమలు విధమును, అది కలిగించు ఉల్లాసమును ఎంతో మెచ్చుకొనుచు వ్రాసినాడు. రాజుల వెంట అడపము పట్టు పరిచారకుడు లేని కొలువును మన ప్రబంధములలో ఊహింపజాలము. నేటికిని పేరంటమున ఆకు, వక్క ఇయ్యనిదే ముత్తైదువను సాగనంపరు. పొన్నూరు పరిసరములలోని తమలపాకు తోటలు ఆ మర్యాదమీదనే బ్రతుకుచున్నవి. ఆ మర్యాదతో నాకు ఏ పేచీయు లేదు. తమలపాకు దోషియు కాదు. విచారింపవలసినది వక్కను. అందలి ప్రధాన క్షారపదార్థము అరికోలిన్; అది నాడులను మేల్కొలిపి, లాలాజలమును ఊరించి, చెమట పట్టించి, ఒక వెచ్చని చుఱుకుదనమును కలిగించును. తాంబూలము పండి నోరు ఎఱ్ఱనగుట శుభముగా భావింతుము. ఆ ఎఱుపు, సున్నపు క్షారమువలన వక్కలోని వగరుపదార్థములు ప్రాణవాయువుతో కలిసి మార్పు చెందుటచే పుట్టినది. ఆ చర్యలోనే జీవకణములను గాయపఱచు తీవ్రమైన అణువులును పుట్టుచుండును. ఎప్పుడో ఒక పెండ్లిలో వేసికొన్న తాంబూలముచే ఇట్టి గాయము పేరుకొనదు. ఉదయమునుండి రాత్రివరకు బుగ్గన వక్క ఉండువానికి మాత్రము, సంవత్సరములు గడచినకొలది, బుగ్గలోపలి మెత్తని పొర పాలిపోయి, నారవలె గట్టిపడి, నోరు తెఱచుకొనుట తగ్గిపోవును. ఆరోగ్యవంతుని నోటిలో తన మూడు వ్రేళ్లు నిలువుగా పట్టవలెను. రెండు పట్టినచో వైద్యుని చూడవలెను. ఒక్కటియే పట్టు స్థితిలో అన్నపుముద్ద పెట్టుకొనుటయే కష్టమగును. 1952లో ష్వార్ట్జ్ అను వైద్యుడు కెన్యాలోని భారతీయ స్త్రీలయందు ఈ వ్యాధిని మొదట వర్ణించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, పొగాకు కలియని వక్క సైతము మనుష్యులకు క్యాన్సర్ కలిగించునదేయని 2004లో ప్రకటించినది. పొగాకు లేని పొట్లమైనచో ప్రమాదము లేదను మాట ఇంకను మన కిళ్లీకొట్లలో వినవచ్చుచున్నది; అది సత్యము కాదు.

పొగాకు మనకు పోర్చుగీసువారివలన వచ్చిన అమెరికా మొక్క. వచ్చిన తరువాత అది ఇచటి మట్టిని తన సొంత ఊరువలె పట్టుకొన్నది. గోదావరి లంకలలో పండిన ఆకుతో చుట్టిన చుట్టలు ఇంగ్లండువరకు ఖ్యాతి గాంచి, కానన్ డాయిల్ 1890లో ప్రకటించిన షెర్లాక్ హోమ్స్ నవలలో సైతము పేర్కొనబడినవి. ఆపైన 1912లో గుంటూరు జిల్లాయందు ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ వెలసి, 1920ల నాటికి వర్జీనియా పొగాకు నల్లరేగడి చేలలోనికి ప్రవేశించి, చీరాల, చిలకలూరిపేట, ఒంగోలు, కందుకూరు ప్రాంతముల జీవనమునే మార్చివైచినది. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థయు, 1975 నాటి చట్టముననుసరించి గుంటూరు కేంద్రముగా పొగాకు బోర్డును ఏర్పడినవి. ఎందఱి పిల్లల చదువులు, ఎందఱి ఆడపడుచుల పెండ్లిండ్లు ఈ ఆకుమీద నడచినవో ప్రకాశం జిల్లాలో ఏ ముసలి రైతు నడిగినను చెప్పును. పొగాకును నిందించునప్పుడు ఆ రైతును నిందించుట నాకు సమ్మతము కాదు.

నాటుపొగాకుకును వర్జీనియాకును గల భేదము రుచిలో మాత్రమే కాదు. రెలుపు చేసిన, అనగా మొక్కనుండి త్రుంచిన, వర్జీనియా ఆకును కర్రలకు అల్లి బ్యారన్ అను వేడిగదిలో వ్రేలాడదీసి, మొదట ముప్పదియైదు నలుబది డిగ్రీల వేడిమిలో పసుపు రంగు వచ్చువరకు ఉంచి, క్రమముగా పెంచి, తుదకు ఈనె సైతము ఎండునట్లు 70 డిగ్రీల దాపునకు తీసికొనిపోవుదురు. పసుపు తిరుగునప్పుడు ఆకులోని పిండిపదార్థము చక్కెరగా మారును, వేగముగా ఎండుటచే ఆ చక్కెర ఆకులోనే నిలిచిపోవును. చక్కెర గల ఆకు పొగ ఆమ్లగుణము కలది. నికోటిన్ అందు లవణరూపమున బందీయై యుండుటచే నోటిలో ఇంకదు. అందువలన సిగరెట్టు త్రాగువాడు పొగను ఊపిరితిత్తులలోనికి లాగుకొనక తప్పదు. అచటి పొరయొక్క విశాలమైన వైశాల్యమువలన నికోటిన్ తత్‌క్షణము రక్తమున కలిసి, పది ఇరువది సెకండ్లలో మెదడును చేరును. నీడలో మెల్లగా ఆరిన చుట్టపొగాకులో చక్కెర నశించును. దాని పొగ క్షారగుణము కలదై, సున్నము లేకయే నోటిలో ఇంకిపోవును. కనుకనే చుట్ట కాల్చు తాత పొగ మ్రింగడు, బుగ్గన పట్టి వదలివేయును. శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతములలో స్త్రీలకు, చుట్ట నిప్పుకొనను నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ త్రాగు అలవాటు కలదు. సాధారణముగా క్యాన్సర్ అరుదుగా వచ్చు అంగిలియందు ఆ స్త్రీలకు క్యాన్సర్ వచ్చుచున్నదని విశాఖపట్నపు వైద్యులు 1957లో ప్రపంచమునకు తెలియజేసిరి. పొగ ఎచట తాకునో వ్యాధి అచట పుట్టునను సత్యమునకు ఇంతకంటె ప్రత్యక్షమైన నిదర్శనము నేనెఱుగను.

నోటికిని ఊపిరితిత్తులకును గాక చర్మమునకును ఈ దారి తెలియును. మంచు పడిన ఉదయమున తడి ఆకు రెలుచు కూలీల అరచేతులకు నల్లని బంక అంటుకొని, సబ్బుకు వదలక, చింతపండుతో రుద్దినగాని పోదు. బంక చూచువారికి కనబడును. ఆకుమీది తడిలో కరగి చర్మము గుండ లోనికి పోవు నికోటిన్ కనబడదు. ఆనాడు తల తిరుగుట, వాంతులు, నీరసము కలిగినచో ఎండదెబ్బ యనుకొని మజ్జిగ త్రాగి పడుకొందురు. చుట్టగాని బీడీగాని ఎన్నడును ముట్టని స్త్రీ సైతము ఈ విధముగా పొగాకు విషమునకు గుఱియగుచున్నది. రబ్బరు తొడుగులు, పొడి చొక్కా, మంచు ఆరిన తరువాత పని మొదలిడుట: ఇంతమాత్రమున ఈ బాధ చాలవఱకు తగ్గును. ఆమె కూలికి ఇవి జోడించుట భూస్వామికి భారము కాదు.

మెదడును చేరిన నికోటిన్, అసిటైల్‌కొలీన్ అను సహజ సందేశవాహకపు స్థానములను ఆక్రమించి, తృప్తిని కలిగించు డోపమిన్‌ను విడిపించును, అడ్రినలిన్ పెంచి గుండె వేగమును, రక్తపోటును హెచ్చించును, రక్తనాళములను బిగించును. రెండు గంటలలో దాని సగము రక్తమునుండి తొలగిపోవును, మనసు మరల దానిని కోరును. మెదడునకు బహుమానము ఎంత శీఘ్రముగా అందునో అలవాటు అంత గట్టిగా బిగియును. కాఫీ సంగతి చూడుడు. 1819లో రుంగే అనునాతడు వేరుచేసిన కెఫీన్ కూడ మొక్కల ఆయుధమే. మనలో అలసటను తెలుపు అడినోసిన్ పదార్థమునకు అది అడ్డుకూర్చుని నిద్రను వాయిదా వేయును, అలసటను పోగొట్టదు. కాని కడుపుగుండ పోవుటచే దాని ప్రభావము అరగంటనుండి గంటవఱకు మెల్లగా పెరిగి, సగము తొలగుటకు ఐదు గంటలు పట్టును. మిరప యార్డులో బస్తాలు మోయు హమాలీ త్రాగు టీకిని, అరకు గిరిజనులు పండించు కాఫీకిని దాస్యము చేయువారు లేకపోలేదు. మానిన రెండు మూడు దినములు తల నొప్పిపెట్టును. ఐనను అది సిగరెట్టు వేయు సంకెలవంటిది కాదు. ఆరోగ్యవంతుడగు పెద్దవానికి దినమునకు 400 మిల్లీగ్రాముల కెఫీన్, అనగా దాదాపు నాలుగు కప్పుల కాఫీ, హాని చేయదని ఐరోపా నిపుణుల నిర్ణయము. గర్భిణికి అందులో సగమే.

మరల సున్నము సంగతికి వత్తము. పొగాకుపొడిని సున్నముతో నలిపి చేసిన ఖైనీని నమలువాడు ఆ సున్నముతో నికోటిన్‌ను విడిపించుటయే కాక, ఆ సున్నముతోనే బుగ్గలోపలి పొరను కాల్చి పుండుపఱచి, పొగాకులోని నైట్రోసమీన్లు అను క్యాన్సర్ కారకములకు గాయపు తలుపు తెఱచుచున్నాడు. క్యాన్సర్ కలిగించువానిలో ముఖ్యములు ఇవియే గాని నికోటిన్ కాదు. నికోటిన్ మనిషిని వాటి చెంతకు ప్రతిదినము లాగికొనివచ్చునది. ఈ భేదము మీదనే మాన్పించు వైద్యము ఆధారపడియున్నది. మందుల దుకాణములలో దొఱకు నికోటిన్ చూయింగ్‌గమ్‌లో పొగ లేదు, నైట్రోసమీన్ల భారమును లేదు. కొలతకు తగిన నికోటిన్‌తోపాటు, సున్నమునకు బదులుగా నోటిని కాల్చని సోడియం కార్బొనేటు కలదు. లాలాజలమును క్షారముచేసి నికోటిన్‌ను బుగ్గద్వారా ఇంకించుట దాని పని. తెలియనివారు దానిని మిఠాయివలె ఆపకుండ నమలి మ్రింగుదురు. కడుపులోనికి పోయిన నికోటిన్ పనిచేయక ఎక్కిళ్లును వికారమును పుట్టించుటచే, మందు పనికిరాదని పారవేయుదురు. చుఱుకు తగులువరకు నెమ్మదిగా నమలి, బుగ్గన అట్టే యుంచి, చుఱుకు తగ్గిన పిమ్మట మరల నమలవలెను. నమలుటకు పావుగంట ముందునుండియు కాఫీగాని శీతలపానీయములుగాని త్రాగరాదు, ఏలయన వాని ఆమ్లము ఆ క్షారమును చంపి నికోటిన్‌ను మరల లవణముగా కట్టివేయును. గుండెజబ్బు గలవారును గర్భిణులును వైద్యుని అడిగి మొదలిడవలెను. మానదలచి తోడు కోరువారికి 1800-11-2356 అను ప్రభుత్వపు ఉచిత ఫోనునంబరు కలదు.