పనల కింద మొలక ఏం చూస్తుంది?

వరి కోతకు రెండు మూడు రోజుల ముందు పామర్రు, మొవ్వ, చల్లపల్లి వైపు మాగాణుల్లో మినుములు చల్లేస్తారు. నేలలో పదును ఉండగానే గింజ మొలవాలి. కోత కోశాక పనలు కొన్నాళ్లు చేలోనే ఆరతాయి. వాటిని ఎత్తి కట్టలు కట్టేటప్పుడు అడుగున చూడండి. మొలక తెల్లగా పాలిపోయి సన్నగా సాగి ఉంటుంది, తల కొక్కెంలా వంగి, ఆకులు ఇంకా విచ్చుకోకుండా. జానెడు దూరంలో ఎండ తగిలినది పొట్టిగా, పచ్చగా నిలబడి ఉంటుంది. విత్తనమూ నేలా ఒకటే. పనలు త్వరగా ఎత్తించాలని రైతు తొందరపడేది వాన భయంతోనే కావచ్చు గానీ, మొలకకు మేలు జరిగేది వెలుగుతో.

చీకటిలో ఉన్నానా వెలుగులో ఉన్నానా అని ఆ మొలకకు చెప్పే ప్రొటీన్లలో ముఖ్యమైనది ఫైటోక్రోమ్. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం లెట్యూస్ గింజల మీద ఎరుపు కాంతి వేస్తే మొలిచాయి. వెంటనే సుదూర ఎరుపు వేస్తే ఆగిపోయాయి. ఎన్నిసార్లు మార్చి మార్చి వేసినా చివరి రంగు మాటే చెల్లింది. ఆ ప్రొటీన్ జాడను 1959లో అక్కడే పట్టుకున్నారు.

ఫైటోక్రోమ్ మడతల్లో ఒక రంజకం ఇరుక్కుని ఉంటుంది. హీమ్ నుంచి మొక్క దాన్ని తయారుచేసుకుంటుంది. మన పిత్తంలోని పచ్చరంగుకు అది దగ్గరి చుట్టం. నాలుగు వలయాలు వరసగా ఉండే అణువది. 660 నానోమీటర్ల దగ్గరి ఎరుపు కాంతి తగలగానే, నాలుగో వలయాన్ని పట్టి ఉంచిన జంట బంధం దగ్గర మెలిక తిరిగి, ఆ వలయం తలుపు గడియలా బోర్లాపడుతుంది. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, అలాంటివి కొన్ని పదుల ముక్కల్లో అయిపోయే పని. ఆ కదలిక చుట్టూ ఉన్న ప్రొటీన్‌కు పాకుతుంది. నాలుక అని పిలిచే ఒక భాగం పలక ఆకారం వదిలి సర్పిలంగా చుట్టుకుంటుంది. బ్యాక్టీరియా ఫైటోక్రోమ్‌లో ఈ మార్పును 2014లో చూపించారు. మొక్కలో ఇలా రూపం మారిన ఫైటోక్రోమ్ కేంద్రకంలోకి వెళ్లి, కాడను సాగదీయమనే పిఫ్ ప్రొటీన్లను పట్టుకుంటుంది. కొద్ది నిమిషాల్లో అవి ధ్వంసమవుతాయి. కాడ సాగడం ఆగి ఆకు విచ్చుకుంటుంది.

ఆకులు ఎరుపును తాగేసి, 730 నానోమీటర్ల దగ్గరి సుదూర ఎరుపును కిందికి వదిలేస్తాయి. ఉయ్యూరు వైపు చెరకు తోటలో కలుపు మొక్క బారుగా సాగడానికి కారణం ఇదే: ఆ కాంతి వలయాన్ని మళ్లీ వెనక్కి తిప్పేస్తుంది. వేడికీ అది వెనక్కి తిరుగుతుందని, అందుకే ఫైటోక్రోమ్ బి ఉష్ణోగ్రతనూ పసిగడుతుందని 2016లో తేలింది. మన ఉక్కపోత రాత్రుల్లో పెరిగే పంటల విషయంలో ఈ సంగతి ఇంకా బాగా చదవదగ్గదని నా ఉద్దేశం.

కిటికీలో పెట్టిన మొక్క వెలుగు వైపు ఒంగడం మాత్రం వేరే ప్రొటీన్ పని. దాని పేరు ఫోటోట్రోపిన్. దానిలో బి2 విటమిన్ నుంచి వచ్చిన రంజకం ఉంటుంది. నీలి కాంతి పడితే, పక్కనే ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలోని గంధకం దానితో బంధం కట్టుకుంటుంది; చీకటి పడ్డాక ఆ బంధం దానంతటదే విడిపోతుంది. బంధం పడగానే పక్కనున్న సర్పిలం వదులై, అంతదాకా అణిగి ఉన్న ఎంజైమ్ భాగం మేల్కొని తనకు తానే ఫాస్ఫేట్ తగిలించుకుంటుంది.

ఈ వరసలో ఒక్క చోట తేడా వస్తే ఏమవుతుందో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రామేశ్వర్ శర్మ, యల్లమరాజు శ్రీలక్ష్మి బృందం టమాటాలో చూసింది. 2014లో వారు ప్రచురించిన ఎన్‌పీఎస్1 రకంలో జన్యువులో ఒక్క అక్షరం మారి, ఫోటోట్రోపిన్ 495వ స్థానంలో ఆర్జినైన్ బదులు హిస్టిడిన్ వచ్చింది. రంజకాన్ని పట్టుకునే గూటికి ఆనుకున్న సర్పిలంలోనే ఆ మార్పు. మొక్క మసక నీలి కాంతి వైపు ఒంగదు, పత్రరంధ్రాలు సరిగ్గా తెరవదు, పత్రహరితం మోసే రేణువులను వెలుగు కోసం పైకి చేర్చుకోదు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మంచి జన్యువు వచ్చినా లాభం లేదు. చెడ్డ ప్రొటీన్ మంచిదాని పనినీ అడ్డుకుంటుంది.