బడి గంట కొట్టిన తరువాత

సాయంత్రము బడి విడిచిన తరువాత పిల్లవాడు ఎక్కడ కూర్చుండి చదువుకొనును? చదువుకున్న తలిదండ్రుల ఇంట ఈ ప్రశ్నే రాదు. ఒక్క గదిలో ఆరుగురు సర్దుకొను ఇంట మాత్రము ఇది పెద్ద ప్రశ్న. ఇంగ్లండులో దీనికి జవాబు వెదకినవారు బడినే మరొక గంటో రెండు గంటలో తెరచి యుంచిరి. హోంవర్కు క్లబ్బులు, ఉదయపు ఫలహారముతో కూడిన క్లబ్బులు, సంగీతము, ఆటలు, పరీక్షలకు ముందు సెలవుల తరగతులు – అన్నిటిని కలిపి 'స్టడీ సపోర్ట్' అనుచుండిరి. వచ్చుట పిల్లల ఇష్టము.

చిక్కంతా ఇక్కడనే యున్నది. బలవంతము లేదు గనుక, క్లబ్బు బాగులేకున్నయెడల పిల్లలు మెల్లగా జారుకొందురు. మొదట జారుకొనువాడు చదువులో వెనుకబడినవాడే. మొదటి బల్లపై కూర్చుండువారితో గది నిండుగా కనబడును. అంతా బాగున్నదని పెద్దలు సంతోషింతురు!

అందుకే 1990ల చివరి సంవత్సరములలో ప్రిన్సెస్ ట్రస్ట్ (2024 నుండి దాని పేరు కింగ్స్ ట్రస్ట్) ఇట్టి కార్యక్రమములకు ఒక నియమావళిని తెచ్చెను. దాని ఆధారముగా కాంటర్‌బరీ క్రైస్ట్ చర్చ్ విద్యాసంస్థ నుండి 'క్వాలిటీ ఇన్ స్టడీ సపోర్ట్' అను గుర్తింపు పథకము నడిచినది. గుర్తింపునకు మూడు మెట్లు: మొలకెత్తినది, వేరూనినది, బాగుగా ఎదిగినది. ఏటేటా అధికారి వచ్చి తప్పులు పట్టు తనిఖీ వంటిది కాదిది. బడివారు తమ పనిని తామే పరీక్షించుకొని, సాక్ష్యములు ఫైలులో కూర్చవలెను. బయటి నుండి ఒకరు, స్నేహితునివలె దగ్గర కూర్చుండి, విమర్శకునివలె నిజము చెప్పును. ఎవరు వచ్చుచున్నారు, ఎవరు రావడము లేదు, పిల్లలు స్వయముగా ఏమనుచున్నారు – ఈ మూడింటిని తప్పించుకొను వీలు లేదు. మా దృష్టిలో గోడకు తగిలించు సర్టిఫికేటు కంటె ఈ ప్రశ్నలే విలువైనవి. అయితే ఆ సర్టిఫికేటునకును ప్రయోజనము లేకపోలేదు. జీతము లేకుండ సాయంత్రములు ఇచ్చిన ఉపాధ్యాయుని శ్రమ నలుగురికి తెలియును. ధనసహాయము చేయువారికి నమ్మకము కలుగును.

ఇంత శ్రమ తగునా? 52 బడులలోని విద్యార్థులను కొన్ని సంవత్సరములు వెంబడించి 2001లో వెలువరించిన అధ్యయనము, ఇట్టి కార్యక్రమములకు వచ్చినవారు మార్కులలోను, హాజరులోను, చదువుమీది మనస్సులోను మెరుగుపడిరని తేల్చినది.

మన సంఘములలోను సాయంత్రపు ట్యూషన్లు, హాస్టళ్లలో చదువు గంటలు నడుచుచున్నవి. అసలు 1780లో గ్లాస్టరు పట్టణమున రాబర్ట్ రెయిక్స్ ప్రారంభించిన ఆదివారపు బడి కూడ, వారమంతా పనిచేయు పిల్లలకు అక్షరములు నేర్పిన బడియే గదా. మన ట్యూషనుకు ఎవరును గుర్తింపు ఇయ్యనక్కరలేదు. ఒక నోటుపుస్తకములో ప్రతి సాయంత్రము వచ్చినవారి పేర్లు వ్రాసి, నెల చివర పెద్దలు ఇద్దరు దానిని తిరగవేసి, మానివేసిన పిల్లల ఇండ్లకు వెళ్లి కారణము అడుగవచ్చును. దీపము లేకనో, దారిలో భయమువలననో, టీచరు మాటవలననో – ఆ పిల్లవాడే చెప్పును.